మాత్ర మానేశానన్నావు, ఆ సంగతే రాస్తున్నా

చెల్లీ,

నిన్న ఫోన్లో మాటల మధ్య "ఎముకల మాత్ర మానేశానక్కా, కాళ్లలో సత్తువ ఉండట్లేదు" అని తేలిగ్గా అనేశావు. రాత్రంతా అదే మనసులో తిరిగింది. నీ మణికట్టు విరిగి ఆర్నెల్లన్నా కాలేదు.

వయసు మీద పడితే ఇంతేలే అని ఎవరన్నా అంటే వినకు. నాకూ ఇలాగే అయింది. ఏడేళ్ల కిందట, నువ్వు మానేసిన ఈ అలెండ్రోనేట్ మాత్రే, వారానికొకటి వేసుకునే 70 మిల్లీగ్రాములది, మొదలుపెట్టిన రెండో నెలలో, దేవుడి గదిలో పీట మీంచి లేవలేకపోయాను. నొప్పి లేదు. లేద్దామంటే తొడలు మాట వినలేదంతే. ఒక చేత్తో తలుపు రెక్క పట్టుకుని, రెండో చెయ్యి నేలకానించి లేచాను. దీపం కొండెక్కిపోతున్నా నూనె పొయ్యలేక అలా చూస్తూ ఉండిపోయాను.

ఆ మాత్ర రాసినాయన నా డి విటమిన్ చూడలేదు. తర్వాత వేరే డాక్టరమ్మ పరీక్ష చేయిస్తే 9 వచ్చింది. 20 లోపు ఉంటేనే లోటంటారు. ఆవిడ చెప్పాకే నాకు అర్థమైంది: ఎముకలోంచి క్యాల్షియం కరిగిపోకుండా ఈ మందు పట్టి ఉంచుతుంది. డి విటమిన్ చాలక తిండిలోంచీ ఒంటికి పట్టకపోతే, రక్తంలో క్యాల్షియం పడిపోతుంది. పిక్కలు పట్టేస్తాయి, మూతి చుట్టూ, వేళ్ల చివర్లా తిమ్మిరెక్కుతుంది. పైగా డి బాగా తగ్గినా తొడలకీ భుజాలకీ బలం పోతుంది. వారానికోసారి 60,000 యూనిట్ల పొడి పాలల్లో కలిపి ఎనిమిది వారాలు తాగించారు, క్యాల్షియం వేరే. మూడో నెలకి చెయ్యి ఆనించకుండా లేచాను.

నీదీ అదేనని నేను అనలేను. ఈ జాతి మందులే కొందరికి ఒళ్లూ కీళ్లూ కండలూ విపరీతంగా నొప్పి పుట్టిస్తాయని 2008లో అమెరికాలో మందుల్ని అదుపుచేసే సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. మొదలుపెట్టిన రోజుల్లోనే రావచ్చు, ఏళ్ల తర్వాతా రావచ్చు. నువ్వు వేసుకునే కొలెస్ట్రాల్ మాత్ర వల్లా కండలు నీరసిస్తాయి, థైరాయిడ్ తగ్గినా అంతే. అందుకే డాక్టరుతో "నీరసం" అని ఊరుకోకు. కుర్చీలోంచి లేవడం కష్టమా, నొప్పా, తిమ్మిరా, ఏ నెలలో మొదలైంది, విడివిడిగా చెప్పు. క్యాల్షియం, డి, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, థైరాయిడ్ చూడమని అడుగు. అడగడానికి మొహమాటపడకు, ఒళ్లు నీది.

మూడు వారాలు మానినందుకు కంగారుపడకు. అలెండ్రోనేట్ ఎముకలో ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. అసలు ఐదేళ్లయ్యాక కొందరికి డాక్టర్లే విరామమిస్తారు. కానీ ఎముకలకే ఆర్నెల్లకోసారి చేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్ సంగతి వేరు. దాన్ని చెప్పకుండా ఆపితే వెన్నుపూసలు ఒకదాని వెంట ఒకటి విరిగిన వాళ్లున్నారు. రేపు నీకు అది రాస్తే, తారీఖు క్యాలెండర్లో గుర్తుపెట్టుకుని తీరాలి. ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ అయితే మొదటి రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు వచ్చి పోతాయి. దానికి పారాసెటమాల్ చాలు.

మళ్లీ అలెండ్రోనేటే వేసుకోమంటే, పరగడుపున నిండు గ్లాసు మంచినీళ్లతోనే వేసుకో. కాఫీతో కాదు. నువ్వు కాఫీ లేనిదే లేవవని నాకు తెలుసు, అయినా వారంలో ఆ ఒక్కరోజు అరగంట ఓపిక పట్టాలి. ఆ అరగంటా నడుం వాల్చకూడదు, లేకపోతే గొంతులోంచి గుండె దాకా మంట. క్యాల్షియం మాత్ర ఆ పూట దాంతో కలపకు. పన్ను పీకించుకునే పనుంటే ముందే పళ్ల డాక్టరుకి ఈ మందు సంగతి చెప్పు. తొడలోనో గజ్జల్లోనో కొత్తగా నొప్పొచ్చి నడిచేకొద్దీ ఎక్కువైతే మాత్రం ఆ రోజే ఎక్స్‌రే తీయించుకో. ఏళ్ల తరబడి వాడిన కొద్దిమందికి తొడ ఎముక విరగబోయే ముందు అలా తెలుస్తుంది.

ఈలోగా చీకట్లో బాత్రూమ్‌కి వెళ్లకు, మరిదిగారిని లేపు. మంగళవారం పొద్దున బస్సుకి వస్తున్నా. నీ మందుల డబ్బా, పాత రిపోర్టులు మంచం మీద తీసి పెట్టు, ఇద్దరం కలిసే వెళ్దాం.

మీ అక్క