సీరం సంగతి ఏం చేశావు?

చిరంజీవి అమ్మడికి,

నీ మెయిల్ చదివాను. అస్సాం వెళ్లి పందుల క్లాసికల్ స్వైన్ ఫీవర్‌కి ఎలైసా టెస్టు (రక్తంలో ఆ వైరస్ మీది యాంటీబాడీలను రంగుతో పట్టేది) తయారుచేయడం మంచి పనే. కానీ ప్లేటుకి అంటించే ఈ2 ప్రోటీన్ (వైరస్ పైపొరది) గురించి అంత రాసి, పందుల సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే నీరు) గురించి ఒక్క ముక్కా రాయలేదేం?

ఈ2ని ఈ-కోలి బ్యాక్టీరియాలో తీస్తానన్నావు. చవక, త్వరగా వస్తుంది, నిజమే. నేనూ అలాగే చేసి దెబ్బతిన్నాను. ప్లేటు నిండా పసుపే! జబ్బు మొహం చూడని పందులూ పాజిటివే. మూడు వారాలు తల బద్దలుకొట్టుకున్నాక తెలిసింది. ఈ-కోలి పందుల పేగుల్లో ఉండేదే కదా, దాని మీద యాంటీబాడీలు వాటి రక్తంలో ఎలాగూ ఉంటాయి. నా ప్రోటీన్‌కి అంటుకొచ్చిన ఈ-కోలి చెత్తను అవి పట్టుకున్నాయి. సీరం పలచన చేసే బఫర్ ద్రవంలో ఉత్త ఈ-కోలి లైసేట్ (ఈ-కోలిని పగలగొట్టిన రసం) కలిపితే చాలావరకు తగ్గింది. (ఆ మూడు వారాలూ మీ పెద్దమ్మ నాతో మాట్లాడితే ఒట్టు.) పైగా ఈ2కి చక్కెర గొలుసులుంటాయి, ఈ-కోలి వాటిని తగిలించలేదు. డబ్బుంటే బాక్యులోవైరస్‌ (పురుగులకు సోకే వైరస్)తో పురుగుల కణాల్లో తీయించు.

పుట్టి ఇంకా పాలు తాగని పంది పిల్ల సీరంలో యాంటీబాడీలు ఉండవు, తల్లివి మావి దాటి రావు కాబట్టి. కంట్రోల్‌కి బాగుంటుంది. దాన్ని చూసే కటాఫ్ (పాజిటివ్, నెగటివ్‌లను విడదీసే గీత) పెడితే మాత్రం మోసపోతావు. నాలుగు చోట్ల తిరిగి నానా క్రిములూ చూసిన పెద్ద పందుల నెగటివ్ సీరం కావాలి. ఆవులు, గొర్రెల పక్కన పెరిగినవి తప్పకుండా ఉండాలి. ఆవులకొచ్చే బోవైన్ వైరల్ డయేరియా, గొర్రెలకొచ్చే బోర్డర్ డిసీజ్ వైరస్‌లు క్లాసికల్ స్వైన్ ఫీవర్ వైరస్‌కి దాయాదులు, పందులకీ సోకుతాయి. అనుమానమొస్తే న్యూట్రలైజేషన్ టెస్టులో టైటర్లు (ఎంత పలచన చేసినా సీరం ఏ వైరస్‌ను ఆపుతుందో ఆ లెక్క) పోల్చు.

టీకా ఎప్పుడు వేయించారో రైతును అడక్కుండా రక్తం తీయొద్దు. మామూలు లైవ్ టీకా వేసిన పందినీ, జబ్బుపడి లేచిన పందినీ నీ టెస్టు విడదీయలేదు. జ్వరం మొదలైన రోజుల్లో అయితే యాంటీబాడీలే కనపడవు, దానికి వైరస్‌నే పట్టే పీసీఆర్ ఉండాల్సిందే. అస్సాంలో 2020 నుంచి ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ కూడా ఉంది, పైకి రెండూ ఒకేలా ఉంటాయి. నీ నెగటివ్ రిపోర్టు చూసి ఎవరైనా జ్వరం పందిని సంతకు తోలితే? నాకదే టెన్షన్.

ఎర్రబారిన సీరం పక్కన పెట్టు. మంచిదాన్ని చిన్న వయల్స్‌లో పంచి, పంది వయసు, టీకా తేదీ రాసి ఫ్రీజర్‌లో పెట్టు.

మొదటి ప్లేటు రీడింగులు నాకు పంపు. నెగటివ్‌లవి ముందు.

పెద్దనాన్న