నిమ్మతొనల హెడ్మాస్టారు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది గుంటూరు బ్రాడీపేట. మా పాప ఏడో తరగతి. ఈ వేసవిలో హ్యారీ పోటర్ పుస్తకాలు పట్టుకుంది, ఇంక వదల్లేదు. ఆ హెడ్మాస్టరు డంబుల్‌డోర్ లాంటి మనిషి మా స్కూల్లో ఎందుకు లేడమ్మా అని రోజూ నా ప్రాణం తీస్తోంది. మా పెద్దాడు విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. వాడేమో "ఆయనంత పక్షపాతి ఇంకొకడు లేడు, రిజల్ట్ వచ్చేశాక మార్కులు కలిపాడు" అంటాడు. వాడు ఇంటికొచ్చిన ప్రతిసారీ ఇద్దరికీ ఇదే గొడవ. నేను ఆ పుస్తకాలు చదవలేదు. ఇంతకీ ఆయన మంచివాడా, కాదా?
(ఒక అమ్మ, గుంటూరు)

జవాబు: అమ్మా, ముందు మీ పెద్దాడి సంగతి తేల్చేద్దాం. ముప్పై రెండేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, మార్కులంటే నా చెయ్యి ఊరుకోదు.

మొదటి పుస్తకం చివర్లో జరుగుతుందిది. మంత్రాలు నేర్పే ఆ బడిలో పిల్లలు నాలుగు జట్లు, ఏడాది పొడుగునా జట్టుకి పాయింట్లు పడుతుంటాయి, పోతుంటాయి. ఆఖరి రోజు విందుకి స్లిథరిన్ వాళ్లు 472తో మొదటి స్థానంలో ఉన్నారు, హ్యారీ వాళ్ల గ్రిఫిండార్ 312తో అట్టడుగున ఉంది. గెలిచినవాళ్ల రంగులతో హాలంతా అలంకరించేశారు కూడా. అప్పుడు ఈయన లేచి, ఉండండుండండి, ఇంకా కొన్ని ఇవ్వాల్సినవి ఉన్నాయని హ్యారీ స్నేహితులు రాన్‌కి 50, హెర్మయనీకి 50, హ్యారీకి 60 ఇచ్చాడు. కూడండి, సరిగ్గా 472. సమం. తర్వాత నెవిల్ అనే పిల్లాడికి ఒక్క 10. అయిపోయింది, కప్పు చేతులు మారింది.

మీవాడి కోపంలో న్యాయం ఉందమ్మా. తోరణాలు కట్టించాక విప్పించడం ఏం మర్యాద? ఆ పాయింట్లేవో పొద్దున్నే ఇచ్చేస్తే ఏం పోయింది? పొద్దున లేస్తే ర్యాంకుల లిస్టు ముఖం చూసే పిల్లాడు, వాడికి ఒళ్లు మండకుండా ఎలా ఉంటుంది?

కానీ ఆ పది దగ్గర మాత్రం వాణ్ణి కాస్త ఆగమనండి. నెవిల్ భయస్తుడు, మతిమరుపు, క్లాసులో అందరికీ లోకువ. అలాంటివాడు ఒక రాత్రి తలుపు దగ్గర అడ్డంగా నిలబడి, మీవల్ల జట్టుకి మళ్లీ పాయింట్లు పోతాయి, మిమ్మల్ని వెళ్లనివ్వనని తన స్నేహితుల్నే ఆపాడు. హెర్మయనీ మంత్రం వేస్తే కర్రలా బిగుసుకుపోయి బోర్లా పడ్డాడు. నిజానికి వాళ్లు బయటికి వెళ్తున్నది మంచి పనికే, వీడికా సంగతి తెలియదు. అయినా శత్రువుకి ఎదురు నిలవడానికి ఎంత ధైర్యం కావాలో స్నేహితుడికి ఎదురు చెప్పడానికీ అంతే కావాలని, అందరి ముందూ వాడికి పది ఇచ్చాడు పెద్దాయన. తెనాలి వైపు ఒక బడిలో పనిచేసేటప్పుడు, స్లిప్ టెస్టులో పక్కవాడి చేతిలోంచి చిట్టీ లాక్కున్నాడొక వెనక బెంచీ కుర్రాడు. నేనేం చేశానో తెలుసా? గోల చెయ్యకుండా కూర్చోరా అని వాణ్ణే కసిరాను.

ఇంక అసలు ప్రశ్న. ఈ పేరా పాపకి చూపించకండి, ఎంతవరకు చదివిందో ఏమో.

మా అమ్మానాన్నల్ని చంపినవాడు నన్నెందుకు చంపాలనుకున్నాడని పదకొండేళ్ల హ్యారీ మొదటి ఏడాదే అడుగుతాడు. పెద్దయ్యాక చెబుతానని దాటేస్తాడు డంబుల్‌డోర్. 1997లో వచ్చిన పుస్తకంలో అడిగిన ప్రశ్నకి జవాబు 2003లో వచ్చిన అయిదో పుస్తకంలో దొరుకుతుంది. ఈలోగా ఆ దాచడం వల్లే కొంత, పిల్లాడు తండ్రిలా చూసుకునే మనిషిని పోగొట్టుకున్నాడు. హెడ్మాస్టరు గదిలో చేతికందిన వెండి వస్తువులన్నీ విసిరి కొడతాడు. మన దగ్గరైతే గ్లోబు స్టాండు విరిగినా పేరెంట్స్‌ని పిలుచుకు రా అంటాం. ఆయన చూస్తూ కూర్చుని, నా దగ్గర సామాను ఎక్కువేలే, పగలగొట్టు అన్నట్టు మాట్లాడతాడు. తర్వాత, ఇదంతా నా తప్పు, నువ్వు సంతోషంగా ఉండాలన్న ఆశతో నీకు చెప్పాల్సింది చెప్పలేదు అంటాడు. అన్ని విద్యలూ తెలిసిన ముసలాయన పదిహేనేళ్ల పిల్లాడి ముందు. కన్నీటి బొట్టు గడ్డంలోకి జారుతుంది.

ఏడో పుస్తకంలో ఆయన వయసులో ఉన్నప్పుడు చేసిన తప్పులు ఇంకా పెద్దవి బయటపడతాయి, అవి పాపే చదువుకోనివ్వండి. నాకైతే ఆయన దయ నిమ్మతొనల దగ్గర కాదు, ఈ ఒప్పుకోలు దగ్గర కనిపిస్తుంది. (నిమ్మతొనలంటే, ఆయనకి అలాంటి పుల్లటి బిళ్లలంటే మహా ఇష్టం. రెండో పుస్తకంలో ఆయన గదికి వెళ్లే దారి తెరుచుకోవాలంటే ఆ మిఠాయి పేరే చెప్పాలి.)

మనకీ ఉన్నాడు ఇలాంటి గురువు, శుక్రాచార్యుడు. రాక్షసులు కచుణ్ణి కాల్చి ఆ బూడిద కల్లులో కలిపి ఇస్తే తెలియక తాగేశాడు. శిష్యుణ్ణి బతికిస్తే తన పొట్ట చీల్చుకుని బయటికి వస్తాడు. అందుకని కడుపులో ఉన్నవాడికే మృతసంజీవని నేర్పాడు, వాడు బయటికొచ్చి గురువుని బతికించాడు. అక్కడితో ఆగలేదాయన, తప్పు తాగుడులో ఉందని తెలుసుకుని ఇకముందు మద్యం ముట్టకూడదని కట్టడి పెట్టాడు. నన్నయ ఆదిపర్వంలో ఉంది, ఈసారి గొడవ మొదలైతే ఈ కథ చెప్పండి, కాసేపైనా నోళ్లు మూతపడతాయి.

మంచివాడేనమ్మా. తప్పులున్న మంచివాడు. మీ బడిలో అలాంటాయన ఎందుకు లేడంటే, ఉన్నా మనకి కనబడే తీరిక ఉండదు పాపం, మధ్యాహ్న భోజనం లెక్కలూ యాప్‌లో ఫోటోలూ చూసుకోవాలి. ఆ మాటకొస్తే డంబుల్‌డోర్‌కీ అయిదో ఏడాది ఒక తనిఖీ అధికారిణి తగులుకుంది, ఆవిడ దెబ్బకి కొన్నాళ్లు బడే వదిలి పోవాల్సొచ్చింది.

ప్రశ్న: డంబుల్‌డోర్ అంటే అర్థం ఉందా?
(డిగ్రీ విద్యార్థిని, సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: ఉంది. పాతకాలపు ఇంగ్లీషు మాట, తుమ్మెదలాంటి బొద్దు తేనెటీగ అని. తనలో తాను కూనిరాగం తీసుకుంటూ తిరిగే మనిషిగా ఊహించుకుని ఆ పేరు పెట్టానని రచయిత్రి రౌలింగ్ చెప్పారు.

ప్రశ్న: సినిమాల్లో డంబుల్‌డోర్ వేషం వేసే మనిషి మధ్యలో మారాడేం?
(ఒక పాఠకుడు, మంగళగిరి)

జవాబు: మొదటి రెండింటిలో వేసిన రిచర్డ్ హారిస్ 2002 అక్టోబరులో పోయారు. 2004లో వచ్చిన మూడో సినిమా నుంచి మైకేల్ గాంబన్ వేశారు. ఆయనా 2023లో పోయారు. నా ఓటు హారిస్‌కే, ఆయన గొంతు తగ్గించి మాట్లాడతాడు.

ప్రశ్న: మనసులో కోరిక చూపించే అద్దంలో తనకి ఉన్ని సాక్సులు కనబడుతున్నాయన్నాడు డంబుల్‌డోర్. నిజమేనా మాస్టారూ?
(ఎనిమిదో తరగతి, పటమట)

జవాబు: నిజం కాకపోవచ్చని హ్యారీకే తర్వాత అనుమానం వస్తుంది, నీకూ వచ్చిందంటే బాగా చదువుతున్నావన్నమాట. అందరూ పుస్తకాలే ఇస్తారు, సాక్సులెవరూ ఇవ్వరని కూడా అంటాడాయన. మా మనవరాలు ఆ పేజీ చదివి నా పుట్టినరోజుకి ఉన్ని సాక్సులు తెచ్చింది. నా పుట్టినరోజు మే నెలలో. వేసుకున్నాను, కరెంటు పోయేదాకా.