అప్పు చేసి స్కూలు మార్చాలా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. మా ఆయన మమ్మల్ని వదిలి వెళ్లి రెండేళ్లయింది. బట్టలు కుట్టి బాబుని చదివించుకుంటున్నాను. ఊళ్లోనే గవర్నమెంట్ స్కూల్లో నాలుగో తరగతి. తండ్రి లేని ఇంట్లో పిల్లలు చదువులో వెనకబడతారని, ఐదో తరగతి పిల్లల్లో సగం మందికి రెండో తరగతి పాఠం కూడా రాదని సర్వేల్లో తేలిందట. వదిన ఫోన్‌లో చూపించింది. వడ్డీకి తెచ్చయినా టౌన్లో ప్రైవేట్ స్కూల్లో వేయమంటున్నాడు అన్నయ్య. నేను ఏడో తరగతే చదివాను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక సోదరి

జవాబు: అప్పు మాత్రం చేయకండమ్మా. ఎందుకో చెబుతాను.

మీ వదిన చూపించిన సగం లెక్క నిజమే. అది ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ దేశంలోని పల్లెల్లో ఇంటింటికీ తిరిగి చేసే అసర్ సర్వే. 2024లోనూ ఐదో తరగతిలో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు సగానికి కాస్త తక్కువే. కానీ ఆ లెక్కలో ప్రైవేట్ పిల్లలూ ఉన్నారు. వాళ్లలోనూ పదిమందిలో నలుగురు దాకా చదవలేకపోయారు.

మిగతా ఆరుగురు చదివారు కదా అంటారు మీ అన్నయ్య. అది బడి గొప్పా, ఫీజు కట్టగల ఇంటి గొప్పా? 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఇదే తేల్చడానికి లాటరీ తీశారు. పేరు వచ్చిన గవర్నమెంట్ స్కూల్ పిల్లలకు ప్రైవేట్ ఫీజు కట్టారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు నాలుగేళ్ల తర్వాత చూస్తే, తెలుగులోనూ లెక్కల్లోనూ లాటరీలో పేరు వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ తేడా లేదు. హిందీ మాత్రం ప్రైవేట్ పిల్లలకు బాగా వచ్చింది. (గవర్నమెంట్ బడుల్లో అప్పటికి చిన్న తరగతులకు హిందీ చెప్పేవారే కాదు లెండి.) అన్ని ప్రైవేట్ స్కూళ్లూ ఒకటే అనను. అయితే వడ్డీ కట్టేంత తేడా ఉంటుందన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు.

తండ్రి సంగతికొస్తే, ఒంటరి తల్లి పెంచిన పిల్లల సగటు కొంచెం తక్కువ ఉంటుందన్నది అబద్ధం కాదు. అమెరికాలో సారా మెక్లనహన్, గ్యారీ శాండిఫర్ అనే సామాజిక శాస్త్రవేత్తలు 1994లో ఆ తేడా ఎక్కడి నుంచి వస్తోందో తరచి చూశారు. ఆ తేడాలో దాదాపు సగం, ఆదాయం పడిపోవడం వల్లే వచ్చింది. మీరు నెలనెలా వడ్డీ కట్టడం మొదలుపెడితే చేతులారా తెచ్చుకునేది ఆ ఇబ్బందే. పైగా సగటు అన్నది వేలమందిని కలిపి తీసింది. మీ వాడు అందులో ఎక్కడున్నాడో అది చెప్పదు.

అది మీరే తెలుసుకోవచ్చు. రెండో తరగతి తెలుగు పుస్తకం ఎవరినైనా అడిగి తెచ్చి, ఒక పాఠం చదవమనండి. సర్వేవాళ్లు చేసేదీ ఇంచుమించు ఇదే, దానికి మీ ఏడో తరగతి చాలు. గడగడా చదివితే ఆ దిగులు వదిలేయండి. కూడబలుక్కుంటుంటే మేస్టారి దగ్గరికి వెళ్లి, "ఎలా చదువుతున్నాడండీ" అని కాకుండా "వీడికి ఒత్తులు తడబడుతున్నాయి, ఏం చేద్దాం" అని అడగండి. రోజూ కుట్టుమిషన్ పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదివించండి. మీరు కుడుతూనే వినొచ్చు.

"తండ్రి లేనోడు" అన్న మాట మాత్రం బాబు ముందు ఎవరూ అనకూడదు. వదినతో ఇది గట్టిగానే చెప్పండి. నిద్ర ఇంకా పట్టకపోతే మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, డబ్బులేమీ అడగరు, తెలుగులోనే మాట్లాడొచ్చు. అన్నయ్య నిజంగా సాయం చేయాలనుకుంటే, మేనమామ కదా, వారానికో సాయంత్రం వచ్చి వాడితో లెక్కలు చేయించమనండి.