నెట్ లేని బడిలో కోడింగ్

ప్రశ్న: పొదిలి దగ్గర పల్లెలో ఏడో తరగతి పిల్లలకు కోడింగ్ నేర్పాలి. బడిలో నాలుగు పాత కంప్యూటర్లున్నాయి, నెట్ నిలవదు. ఖర్చు లేకుండా కుదురుతుందా?

జవాబు: కుదురుతుందండీ. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో పుట్టిన, బ్లాకులు పేర్చి కోడింగ్ నేర్చుకునే స్క్రాచ్ యాప్‌ను నెట్ ఉన్నచోట ఒక్కసారి దించుకుని, పెన్‌డ్రైవ్‌తో నాలుగింటిలోనూ ఎక్కించండి. విండోస్ 10 అయినా ఉండాలి.

మొదటి పాఠంగా చదరం గీయించండి. కింద ఎడమమూల గుర్తు నొక్కి, గీతలు గీసే 'పెన్' బ్లాకులు చేర్చాలి. 'పెన్ డౌన్' పెట్టి, 'రిపీట్ 4' లోపల 'మూవ్ 100', 'టర్న్ 90', 'వెయిట్ 1'. వెయిట్ మరిచిపోతే బొమ్మ కనురెప్పపాటులో తిరిగొచ్చేస్తుంది, పిల్లలకు ఏం జరిగిందో తెలియదు. త్రిభుజానికి చాలామంది 60 వేస్తారు, గీత మూసుకోదు. తిరగాల్సింది బయటి కోణం, 120. ఆ తప్పును ముందే చెప్పకండి, వాళ్లనే కనుక్కోనివ్వండి. లెక్కల పాఠం కూడా అక్కడే అర్థమవుతుంది.

ఆటల్లో షరతు చూసే 'ఇఫ్' బ్లాకు పనిచేయలేదంటే అది ఆగకుండా తిప్పే 'ఫరెవర్' బయట ఉందేమో చూడండి. బయటుంటే ఒక్కసారే పరీక్షిస్తుంది.

యాప్ తనంతట తాను సేవ్ చేయదు. కరెంటు పోయే వేళల్లో పది నిమిషాలకోసారి సేవ్ చేయించడం తప్పనిసరి. తొమ్మిదో తరగతికొచ్చాక పైథాన్ భాషలో కోడ్ రాయడానికి థోనీ అనే యాప్ వాడండి. అదీ ఉచితమే, నెట్ లేకుండా నడుస్తుంది.