ముందు సీబీపీ చదువు, జన్యువు సంగతి తర్వాత

చిరంజీవి డాక్టరమ్మకు ఆశీస్సులు.

నాలుగు నెలల బిడ్డ గురించి నువ్వు రాసిన ఉత్తరం చదివాను. పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపమేమోనని అంతర్జాతీయ వర్గీకరణ పట్టిక ముందేసుకుని కూర్చున్నావట. దాన్ని కాసేపు మూసెయ్. 2022 నాటి పట్టికలోనే పది వర్గాలు, 485 లోపాలు ఉన్నాయి. ఆ తర్వాత ఇంకా పెరిగాయి. పట్టికలో ఇల్లు దొరుకుతుంది గానీ, ఏ ఊరు వెళ్లాలో ముందు నువ్వే తేల్చుకోవాలి.

జబ్బు ఏ వయసులో మొదలైంది, ఏ క్రిమి వచ్చింది అన్నవే దారి చెబుతాయి. తల్లి నుంచి వచ్చిన ఐజీజీ అనే యాంటీబాడీ కొన్ని నెలలు కాపాడుతుంది. ఆరు నెలలు నిక్షేపంగా ఉన్న మగపిల్లవాడికి ఆపైన చెవిలో చీము, న్యుమోనియా వరసకట్టాయంటే యాంటీబాడీల లోపం అనుకో. నోరు తెరిపించి చూడు. టాన్సిళ్లు కనబడకపోతే 1952లో బ్రూటన్ అనే వైద్యుడు వర్ణించిన, యాంటీబాడీలు తయారుకాని జబ్బు కావచ్చు. కాలేయంలో చీముగడ్డ, ఆస్పర్‌జిల్లస్ ఫంగస్ కనబడితే సీజీడీ (తెల్లకణాలు మింగిన క్రిమిని చంపలేని లోపం) కోసం డీహెచ్ఆర్ అనే రక్తపరీక్ష; ఆ నమూనాతోపాటు ఆరోగ్యవంతుడి రక్తం కూడా జతగా పంపాలి. మెదడు పొరల వాపు తెచ్చే మెనింగోకాకస్ మళ్లీ మళ్లీ వస్తే కాంప్లిమెంట్ (క్రిములను చంపే రక్తంలోని ప్రొటీన్లు) చూడు. మగపిల్లవాడికి ఎగ్జిమా, రక్తస్రావం కలిసి వస్తే ప్లేట్‌లెట్ల సంఖ్యతో ఆగకుండా వాటి పరిమాణం కూడా చూడు. విస్కాట్-ఆల్డ్రిచ్ అనే జబ్బులో అవి చిన్నవిగా ఉంటాయి.

నీ దగ్గరున్న బిడ్డ సంగతి వేరు. నోట్లో తగ్గని తెల్లపూత, ఆగని విరేచనాలు, పెరగని బరువు అంటే నేను ముందు, టీ కణాలు లేక రోగనిరోధక శక్తి దాదాపు లేకుండా పోయే తీవ్ర లోపమైన స్కిడ్‌కే భయపడతాను. సీబీపీలో (రక్తకణాల లెక్కలో) తెల్లకణాలు 8,000, వాటిలో లింఫోసైట్లు 15 శాతం అని రాశావు. గుణించావా? 1,200. ల్యాబు కాగితం మీద పెద్దవాళ్ల హద్దులు అచ్చువేసి ఉంటే అది మామూలుగానే కనిపిస్తుంది. పసిబిడ్డలో 3,000 కన్నా తక్కువ ఉంటే మళ్లీ చేయించి, లింఫోసైట్లలో రకాలైన టీ, బీ, ఎన్‌కే కణాలు లెక్కపెట్టించాలి. అయితే లెక్క బాగుందని నిశ్చింతగా ఉండిపోకు. తల్లి నుంచి వచ్చిన టీ కణాలు కొన్నిసార్లు ఆ అంకెను పెంచేస్తాయి.

బిడ్డ ఎడమ భుజం, ఎడమ చంక చూడు. పుట్టగానే మనం వేసే బీసీజీ టీకా ఇలాంటి పిల్లల్లో పుండుగా, గడ్డగా మారి ఒళ్లంతా పాకవచ్చు. బతికున్న వైరస్ ఉండే, నోటిద్వారా ఇచ్చే పోలియో, రోటావైరస్ చుక్కలు ఆపించు. ఇంట్లో మిగతా పిల్లలకూ పోలియో చుక్కలు వద్దని చెప్పు. రక్తం ఎక్కించాల్సి వస్తే రేడియేషన్ ఇచ్చినదే అడుగు. ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే యాంటీబాడీలు) మొదలుపెట్టే ముందే ఇమ్యూనోగ్లోబులిన్ల, అంటే బిడ్డ సొంత యాంటీబాడీల, నమూనా తీయి. తర్వాత తీస్తే నువ్వు ఇచ్చినదాన్నే కొలుస్తావు. హెచ్ఐవీకి, వైరస్‌నే నేరుగా వెతికే పీసీఆరే చేయించు. ఈ వయసులో యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ వస్తే అది తల్లిది కావచ్చు, నెగటివ్ వస్తే బిడ్డ అసలు యాంటీబాడీలే తయారుచేయడం లేదేమో.

కుటుంబ చరిత్రకు వార్డులో చాలామంది రెండు నిమిషాలు కూడా ఇవ్వరు. నాకు నచ్చని అలవాటు అది. "పిల్లలెంతమంది?" అంటే బతికున్నవాళ్లనే చెబుతారు. పోయినవాళ్ల గురించి విడిగా, మెల్లగా అడగాలి. మేనరికమా కనుక్కో. తల్లికి అన్నదమ్ములెవరైనా పసితనంలోనే పోయారేమో అమ్మమ్మకే తెలుస్తుంది, ఆమెను పిలిపించు. ఎక్స్ క్రోమోజోమ్ మాట మాత్రం అత్తింటివాళ్ల ముందు ఎత్తకు. ఆ లోపం కొడుక్కి తల్లి నుంచే వస్తుంది కాబట్టి నింద ఆమె నెత్తిన పడుతుంది. ఆమెతో, భర్తతో విడిగా మాట్లాడు.

జన్యు పరీక్ష తప్పక చేయించు, కానీ ఏ వైపు వెతుకుతున్నామో రాసి పంపు. అర్థం తేలని మార్పు ఉందని రిపోర్టు వస్తే దాన్ని జబ్బు పేరుగా కేసుషీటులో ఎక్కించకు. ఆ ప్రొటీన్ ఉందా, పనిచేస్తోందా అని కణాల మీద తేల్చాకే పట్టిక తెరువు. చండీగఢ్ పీజీఐ ఆసుపత్రిలో, ముంబైలోని ఎన్‌ఐఐహెచ్ పరిశోధన సంస్థలో ఈ పని తెలిసినవాళ్లున్నారు. ఫోన్ చేసి, ఏ గొట్టంలో తీయాలో, ఎన్ని గంటల్లో చేరాలో అడిగాకే రక్తం తీయి.

స్కిడ్ అని తేలితే మూలకణ మార్పిడి ఎంత త్వరగా జరిగితే బిడ్డకు అంత మేలు, కాబట్టి రిపోర్టుల కోసం ఆగకుండా పెద్ద కేంద్రంతో ఈరోజే మాట్లాడు. ఈలోగా బిడ్డను జనరల్ వార్డులోంచి విడిగదికి మార్పించు. పాత సీబీపీలు ఏమైనా ఉంటే అన్నీ ఫోటో తీసి నాకు పంపు.

నీ పాత ప్రొఫెసర్