టెక్ సందేహాలు: గ్యాలగా కొనేముందు వెర్షన్ చూసుకోండి

ప్రశ్న: చిన్నప్పుడు టీవీకి తగిలించే వీడియో గేమ్‌లో గ్యాలగా అనే అంతరిక్ష నౌకల కాల్పుల ఆట తెగ ఆడేవాణ్ని. ఇప్పుడు నింటెండో స్విచ్ గేమింగ్ పరికరంలో ఆడాలనుంది. నామ్కో మ్యూజియం, నామ్కో మ్యూజియం ఆర్కైవ్స్ అని పాత ఆటల సంకలనాలు వేర్వేరుగా కనిపిస్తున్నాయి. ఏది కొనాలి?

పేర్లు కలిసినా లోపలున్న ఆట ఒకటి కాదు. 1981 నాటి అసలు ఆర్కేడ్ (నాణెం వేసి ఆడే మెషీన్) గ్యాలగా 2017లో స్విచ్‌కు వచ్చిన నామ్కో మ్యూజియంలో ఉంది. 2020 నాటి ఆర్కైవ్స్‌లో ఉన్నవి ఎక్కువగా ఫ్యామికామ్ (టీవీకి తగిలించే నింటెండో పాత గేమ్ మెషీన్) వెర్షన్లు. అందులోనూ గ్యాలగా రెండో వాల్యూమ్‌లోనే ఉంది. మొదటి వాల్యూమ్‌లో దొరికేది దాని ముందుతరం ఆట గ్యాలక్సియన్. మన దగ్గర అమ్మిన క్యాసెట్ వీడియో గేమ్‌లు చాలావరకు ఫ్యామికామ్ నకళ్లే కాబట్టి, మీ జ్ఞాపకాల్లోని ఆట ఆర్కైవ్స్‌దే అయి ఉండొచ్చు. అయినా ఒక్కటే కొనేటట్లయితే ఆర్కేడ్ వెర్షన్‌కే నా ఓటు. పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్, పీసీలకు 2016లో ఆర్కేడ్ గేమ్ సిరీస్ పేరుతో ఇదే విడిగా వచ్చింది.

ప్రశ్న: పెద్ద టీవీలో పెట్టినా బొమ్మ మధ్యలో చిన్నగానే వస్తోంది. సెట్టింగ్ తప్పా?

తప్పేం లేదు. ఆర్కేడ్ మెషీన్‌లో తెరను నిలువుగా బిగించేవారు. వెడల్పు 3 పాళ్లయితే ఎత్తు 4 పాళ్లు. 1920×1080 టీవీలో పూర్తి ఎత్తుకు సాగదీసినా 810 పిక్సెళ్ల వెడల్పే వస్తుంది. తెర నిండా సాగదీస్తే నౌకలు అడ్డంగా ఉబ్బిపోతాయి, గురి దెబ్బతింటుంది. స్విచ్ వెర్షన్‌లో స్క్రీన్ తిప్పే ఆప్షన్ ఉంది. దాన్ని ఆన్ చేసి, జాయ్‌కాన్‌లు (పక్కనుండే కంట్రోలర్లు) ఊడదీసి, స్విచ్‌ను నిలువుగా ఆనించి ఆడండి.

ప్రశ్న: బటన్ నొక్కిన కాసేపటికి గుండు పేలుతోంది.

ముందు టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి. ఈ ఆట సెకనుకు సుమారు 60 ఫ్రేములతో నడుస్తుంది. టీవీ బొమ్మకు మెరుగులు దిద్దడానికి 100 మిల్లీసెకన్లు తీసుకుంటే మీరు 6 ఫ్రేములు వెనకబడినట్లే. పేలిన చప్పుడు ఒక్కటే ఆలస్యమైతే బ్లూటూత్ హెడ్‌ఫోన్ తీసి వైరుది పెట్టండి. ఇంకో సంగతి: తెరపై మీ గుళ్లు ఒకేసారి రెండే ఉండగలవు. రెండూ గురితప్పితే అవి తెర దాటేదాకా మూడోది పేలదు. అది ఆట తీరు, లోపం కాదు.

ప్రశ్న: పాత ఆర్కేడ్ ఆటలను పీసీలో నడిపే మేమ్ ఎమ్యులేటర్‌లో ‘51ఎక్స్‌ఎక్స్ డాట్ బిన్ దొరకలేదు’ అని ఆగిపోతోంది.

గ్యాలగా బోర్డులో మూడు జెడ్80 ప్రాసెసర్లతోపాటు ఆటను తయారుచేసిన నామ్కో సొంత చిప్‌లు ఉంటాయి. 51వ నంబరు చిప్ కాయిన్లు, కంట్రోళ్లు చూస్తుంది. 54వది పేలుడు శబ్దాలు పుట్టిస్తుంది. మేమ్ ఈ రెండింటి ఫైళ్లను ఆట ఫైలుతో కాకుండా నామ్కో51, నామ్కో54 అనే విడి జిప్‌లలో వెతకవచ్చు. అవి ఆట ఫైళ్లుండే రోమ్స్ (roms) ఫోల్డర్‌లోనే, జిప్ విప్పకుండా ఉండాలి. కాపీహక్కులున్న ఆట ఇది, ఎక్కడపడితే అక్కడ దించుకోవద్దు.

ప్రశ్న: జంట నౌక ఎలా వస్తుంది? శత్రువులు కాల్చడం మానేసే కిటుకు నిజమేనా?

చేతిలో కనీసం ఒక నౌక అదనంగా ఉన్నప్పుడే ప్రయత్నించండి. ఉన్న ఒక్కటీ పట్టుబడితే ఆట ముగిసినట్లే. పై వరుసలోని ఆకుపచ్చ బాస్ కిందికి దిగి కిరణం వదిలినప్పుడు అందులోకి వెళ్లండి. పట్టుబడ్డ నౌక ఎర్రగా మారి బాస్ వెంట ఉంటుంది. ఆ బాస్ మళ్లీ దాడికి దిగేదాకా ఓపిక పట్టాలి. అప్పుడు దాన్ని కూల్చితే బందీ నౌక వచ్చి మీ నౌక పక్కన చేరుతుంది, అదే జంట నౌక. వరుసలో ఉండగా కాలిస్తే బాస్ చస్తుంది గానీ నౌక దక్కదు. బాస్‌కు రెండు దెబ్బలు కావాలి. మొదటిది వరుసలో ఉండగానే కొట్టి రంగు మార్చి ఉంచుకుంటే, దిగేటప్పుడు ఒక్కటి చాలు. మీ గుండు బందీ నౌకకు తగిలితే అది పోయినట్లే. జంట నౌకతో గుళ్లు రెట్టింపవుతాయి, తగిలే వెడల్పు కూడా రెట్టింపవుతుంది. దాని అసలు లాభం 3, 7, 11 ఛాలెంజింగ్ స్టేజీల్లో. అక్కడ ఎవరూ కాల్చరు, 40 మందినీ కూల్చితే 10,000 పాయింట్లు.

కిటుకు నిజమే. మొదటి స్టేజీలో ఎడమ చివరి రెండు తేనెటీగలను (ఆ ఆకారంలోని శత్రువులను) మాత్రం మిగిల్చి, కాల్చకుండా సుమారు 15 నిమిషాలు తప్పించుకుంటూ ఉండాలి. తెర ఎడమ అంచు అవతల పుట్టిన గుళ్లు ప్రోగ్రామ్‌లో శత్రువుల గుళ్ల కోసం కేటాయించిన ఖాళీలను పట్టుకుని వదలవు. ఖాళీలన్నీ నిండాక కొత్త గుండు పుట్టదు. రెండు తేనెటీగలూ వరుసగా రెండు మూడు సార్లు కాల్చకుండా కిందికి దిగి వెళ్తే ఖాళీలు నిండినట్లు గుర్తు, అప్పుడు కూల్చేయండి. ఇది ఆర్కేడ్ ప్రోగ్రామ్‌లోని లోపం. కాబట్టి నామ్కో మ్యూజియంలో ప్రయత్నించండి, ఆర్కైవ్స్‌లో కాదు.