పట్టూ విడుపూ: పాదం లాకుల మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: అన్నా, మాది కావలి. ఎనిమిదేళ్లు కబడ్డీ ఆడాను, కార్నర్‌లో నిలబడేవాణ్ణి, యాంకిల్ హోల్డ్ నా సొంత పట్టు. ఇప్పుడు నెల్లూరులో నాలుగు నెలలుగా గ్రాప్లింగ్ (గుద్దులు లేకుండా పట్టులతోనే ఆడే పోరు) నేర్చుకుంటున్నా. ఎదుటివాడి కాలు ఇట్టే దొరుకుతుంది. కానీ స్ట్రెయిట్ యాంకిల్ లాక్ (చీలమండను తిప్పకుండా నిటారుగా చాపే పట్టు) వేస్తే ఒక్కడూ ట్యాప్ చెయ్యడు (ఓడిపోయానని చేత్తో తట్టడు), నవ్వుకుంటూ కాలు లాగేసుకుంటున్నారు. చేతుల్లో బలం చాలడం లేదా? ఇది వదిలేసి హీల్ హుక్ (మడమ పట్టి మెలితిప్పే లాక్) మొదలుపెట్టమంటావా?

జవాబు: నీ చేతుల్లో బలం ఎక్కువై వచ్చిన తిప్పలు ఇవి తమ్ముడూ. కబడ్డీలో చీలమండ దొరికితే రెండు చేతులా బిగించి పైకి లేపేస్తావు, ఈలోపు పక్కవాడు నడుం పట్టేస్తాడు, ఇంకొకడు మీద పడతాడు, రైడ్ మొత్తం 30 సెకన్లు, కథ ముగిసింది. గ్రాప్లింగ్‌లో పక్కన చెయ్యి కలిపి నీకు ఛైన్ ఇచ్చేవాడు లేడు. ఆ పని నీ కాళ్లు చెయ్యాలి. ఒక కాలు వాడి తొడల మధ్యలోకి పోవాలి, రెండో పాదం వాడి తుంటికి ఆనాలి, వాడి మోకాలు నీ రెండు మోకాళ్ల మధ్య ఇరుక్కోవాలి. ఆ మోకాలు బయటపడిందంటే పాదం నీ చంకలో ఉన్నా లేనట్టే. వాళ్లు నవ్వుతూ లాగేసుకుంటున్నారంటే నాకు ముందు అనుమానం ఇక్కడే.

రెండోది ముంజేయి ఎక్కడ పెడుతున్నావో చూసుకో. కొత్తవాళ్లు నూటికి తొంభై మంది పిక్క దగ్గర పట్టుకుని పిండుతుంటారు, నొప్పి పుడుతుంది, అంతే, ఓర్చుకునేవాడు ఓర్చుకుంటాడు. నీ మడమ వెనకాల తాడులా తగిలే టెండన్ (పిక్క కండను మడమ ఎముకకు కట్టేది) ఉంది కదా, తడిమి చూసుకో. మడమకి కొంచెం పైన, ఆ తాడు మీద, నీ మణికట్టు బొటనవేలి వైపు ఎముక పడాలి. వాడి పాదం పైభాగం నీ చంక వెనక కండకు అతుక్కోవాలి. ఇక చేతులతో లాగడం మానెయ్. మైపాడు ఒడ్డున అలివి వల లాగేవాళ్లను చూసే ఉంటావు, చేతులు ఊరికే తాడు పట్టుకుని ఉంటాయి, లాగేదంతా నడుమూ కాళ్లూ. అలాగే పక్కకి వాలి, ఛాతీ ఎత్తి, తుంటి ముందుకు తోసి వెనక్కి చూడు. నెమ్మదిగా. రోజుకు పది నిమిషాలు ముగింపు లేకుండా కాళ్ల పట్టు ఒక్కటే నిలబెట్టుకోవడం ఆడండి, వాడు తప్పించుకోవాలి, నువ్వు మోకాలు వదలకూడదు.

హీల్ హుక్ మాత్రం ఇప్పుడొద్దు. పేరు మడమది, దెబ్బ మోకాలిది. మడమను మోచేతి మడతలో ఇరికించి తిప్పితే ఆ తిప్పుడు నేరుగా మోకాలికి పోతుంది. మోకాలేమో మడవడానికీ చాపడానికీ ఉన్న కీలు, మెలితిప్పితే తట్టుకోలేదు. లిగమెంట్లు (ఎముకలను కట్టి ఉంచే పట్టీలు), మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్త) పోతాయి, పైగా నొప్పి తెలిసేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. స్ట్రెయిట్ యాంకిల్‌లో అయితే నొప్పి ముందే వచ్చి చెబుతుంది. అందుకే బ్రెజిలియన్ జియు-జిట్సు సంస్థ ఐబీజేజేఎఫ్ పోటీల్లో తెలుపు, నీలం, ఊదా బెల్టుల పెద్దవాళ్లకు పాదం లాకుల్లో స్ట్రెయిట్ యాంకిల్ ఒక్కటే ఇస్తారు. టో హోల్డ్ (వేళ్ల దగ్గర పట్టి పాదం తిప్పడం), నీబార్ (మోకాలిని చాపి వెనక్కి వంచడం) బ్రౌన్ బెల్టు నుంచి. హీల్ హుక్‌ని 2021లో గానీ ఒప్పుకోలేదు, అదీ కిమోనో (జూడో తరహా దళసరి దుస్తులు) లేని పోటీల్లో, బ్రౌన్, బ్లాక్ బెల్టు పెద్దలకే.

నీ విషయంలో నాకు ఇంకో భయం ఉంది. కాలు దొరికిన రైడర్ ఏం చేస్తాడు? మధ్య గీత వైపు గింజుకుంటాడు, దొర్లుతాడు, ప్రాణం పోయినా ఆగడు. ఎనిమిదేళ్లుగా అది నీ ఒంటికి పట్టేసింది. హీల్ హుక్‌లో మడమ చిక్కాక అలా తప్పు వైపు దొర్లావంటే పట్టుకున్నవాడు కదలక్కర్లేదు, నీ మోకాలు నువ్వే తిప్పుకుంటావు. చెన్నైలో నేర్చుకునే రోజుల్లో నేను చేసింది అదే. ట్యాప్ చెయ్యడం నామోషీ అనుకుని దొర్లాను. టప్ మంది. ఎనిమిది నెలలు మెట్లు ఎక్కాలంటే గోడ పట్టుకున్నా. కాబట్టి మడమ దొరికిందని తెలియగానే, ఇంకా తిప్పకముందే, ట్యాప్ చెయ్.

ప్రశ్న: బాబూ, మాది ఒంగోలు. మా వాడు ఇంటర్ రెండో సంవత్సరం. మేడ మీద చాప పరుచుకుని ఫోన్‌లో చూసి స్నేహితుడితో ఈ మడమ పట్టు ఆడుకున్నారు. మోకాల్లో టక్ మందట, పెద్ద నొప్పి లేదన్నాడు, సాయంత్రానికి వాచింది. నడుస్తున్నాడు. మావారు పుత్తూరు కట్టు కట్టిద్దామంటున్నారు.

జవాబు: అమ్మా, నడుస్తున్నాడని ధైర్యపడకండి. శబ్దం వచ్చి కొన్ని గంటల్లోనే వాచిందంటే లోపల లిగమెంటు తెగిందేమోనని చూడాలి. ఇది ఎముక సంగతి కాదు, కట్టుతో తేలదు. ఎక్స్‌రేలో లిగమెంటు కనపడదు, ఎముకల డాక్టరు చేత్తో పరీక్షించి అవసరమైతే ఎమ్మారై రాస్తారు. రేపే తీసుకెళ్లండి. అప్పటిదాకా ఐసు పెట్టి కాలు ఎత్తులో ఉంచండి, ఎవరి చేతా మర్దనా చేయించొద్దు. తిట్టకండి కూడా, తిడితే ఈసారి చెప్పకుండా దాస్తాడు. ఆ స్నేహితుడికి మాత్రం నా మాటగా చెప్పండి: పట్టు వెయ్యడం కంటే ట్యాప్ తగలగానే వదలడం ముందు నేర్చుకోవాలి. రౌసిమార్ పల్హారెస్ అని పెద్ద ఫైటర్, ట్యాప్ చేశాక కూడా హీల్ హుక్ వెంటనే వదల్లేదని 2013లో యూఎఫ్‌సీ (ఫైటింగ్ పోటీలు నడిపే సంస్థ) వాళ్లు అతన్ని గెలిచిన ఆట తర్వాతే బయటికి పంపేశారు.

ప్రశ్న: సార్, నేను 52 కిలోలు. జూడో చేస్తాను, సింగరాయకొండ. బరువైనవాళ్ల మీద కాలి లాకులు పనిచేస్తాయా? జూడోలో వాడొచ్చా?

జవాబు: జూడో పోటీలో వాడకూడదమ్మా, అక్కడ లాక్ మోచేతి కీలుకే. సాంబో అనే రష్యా కుస్తీలో స్ట్రెయిట్ యాంకిల్, నీబార్ ఉన్నాయి, మెలితిప్పేవి లేవు. ఇక బరువు సంగతంటావా, 2019లో ఏడీసీసీ అనే పెద్ద గ్రాప్లింగ్ పోటీలో లాక్లన్ గైల్స్ అనే ఆస్ట్రేలియా అతను, 77 కిలోల విభాగంవాడు, బరువుతో పని లేని విభాగంలో తనకంటే చాలా పెద్దవాళ్లను ముగ్గురిని హీల్ హుక్‌తోనే ఓడించి మూడో స్థానం తెచ్చుకున్నాడు. పనిచేస్తాయి. కానీ నీకు నేలమీద పట్టి ఉంచడం ఇప్పటికే వచ్చు, కాబట్టి పైన కావలి తమ్ముడికి చెప్పిన కాళ్ల పట్టు నీకు అతనికంటే తొందరగా వస్తుంది. నీ బరువుకు దగ్గరగా ఉండే అమ్మాయితో మొదలుపెట్టు, ఎనభై కిలోల అన్నయ్యల సంగతి తర్వాత చూద్దాం.